ఒకే గదిలో పడుకునేవారు

ఆయన డాక్టరు గదిలోకి వెళ్ళాడు, తలుపు మూసుకుంది. వెళ్ళేముందు వెనక్కి తిరిగి ‘గుర్తుందిగా’ అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. గుర్తు లేకపోవడానికి అదేమన్నా పద్యమా, ఒక్క వాక్యం: ‘హాయిగా నిద్రపోతారండీ.’ పొద్దున పళ్ళు తోముకుంటూ ఒకసారి చెప్పాడు, స్కూటరు తాళం వెతుక్కుంటూ ఒకసారి, దారిలో ఎర్రలైటు దగ్గర తల సగం వెనక్కి తిప్పి ఒకసారి. ఆవిడ మూడుసార్లూ ‘సరే’ అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒకే మాటకి మూడుసార్లు సరే అనడం ఇదే మొదలు, ఆ ఒక్కదానికే ఆయనకి అనుమానం రావలసింది, రాలేదు. అంత పెద్ద పాల ట్యాంకరు తోలే మనిషి, వెనక ఎంతో దూరాన వచ్చే బండిని అద్దంలో చూసి దాని తొందరేమిటో చెప్పగలడు గాని, వీపుకి ఆనుకుని కూర్చున్న పెళ్ళాం మొహంలో ఏముందో చూడటానికి ఏ కంపెనీ అద్దం బిగించలేదు.

తప్పంతా ఆ చీటీది. పెద్ద బండ్లు తోలేవాళ్ళు రెండేళ్ళకోసారి ఒంటికి పరీక్ష చేయించుకుని డాక్టరు సంతకం తెచ్చుకోవాలి. బండికో ఫిట్‌నెస్సు, తోలేవాడికో ఫిట్‌నెస్సు, రెండింట్లో ఏది లేకపోయినా గేటు దాటనివ్వరు. ఇన్నాళ్ళూ ఆయన ఒక్కడే వెళ్ళేవాడు. కళ్ళు, చెవులు, రక్తపోటు, చక్కెర, కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడటం, అన్నీ అయ్యాక సంతకంతో ఇంటికొచ్చి, కొత్త టైర్లు వేయించిన బండిలా ఆ గదికీ ఈ గదికీ తిరిగేవాడు. ఈసారి పిలుపు చీటీ అడుగున కొత్తగా ఒక వాక్యం చేరింది. ‘నిద్ర విషయమై విచారణ నిమిత్తం ఒకే గదిలో పడుకునేవారు ఒకరు వెంట రావలెను.’ ప్రభుత్వం ఇంత మర్యాదగా పడగ్గది తలుపు తట్టగలదని ఆవిడ అనుకోలేదు. భార్య అని రాయలేదు, అది గమనించింది. డిగ్రీలో పౌరశాస్త్రం చదివిన మనిషి కాబట్టి రాసిన మాట కన్నా రాయని మాట మీదకి ముందు చూపు పోతుంది. భార్యలందరూ ఒకే గదిలో పడుకోరు, ఒకే గదిలో పడుకునేవాళ్ళందరూ భార్యలు కారు, రాసినవాడెవడో లోకం చూసినవాడే. ఆయన మాత్రం చీటీని వెనక్కీ ముందుకీ తిప్పి, “నా నిద్రకి నిన్నడగడమేమిటి, పడుకునేది నేనైతే” అన్నాడు. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వులో ఉన్నది నవ్వు కాదని అప్పుడే చెప్పి ఉంటే, ఇప్పుడు ఈ కుర్చీలో ఇలా ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చోనక్కర్లేకపోయేది.

కుర్చీ కూడా ఒంటరిది కాదు. కుర్చీలన్నీ ఒకే ఇనప కమ్మీకి వరసగా బిగించారు, ఆ చివర ఒకడు కాలు ఊపితే ఈ చివర ఆవిడ చేతిసంచి వణుకుతోంది. నేలకి తుడిచిన మందు వాసన, దాని కింద నుంచి డీజిలు వాసన, ఎంత ఉతికినా పోని వాసన, ఆవిడకి అది పుట్టింటి వాసన కన్నా దగ్గరిది. వరసంతా డ్రైవర్లూ, డ్రైవర్లతో పడుకునేవాళ్ళూ. ఒకాయన సీసాడు నీళ్ళు తాగి ఇంకో సీసా మూత తీస్తున్నాడు, పరీక్షకి మూత్రం అడిగినప్పుడు రాకపోతే పరువు తక్కువని. పిల్లి మీసాలతను రక్తపోటు దిగడానికి కళ్ళు మూసుకుని వేళ్ళ మధ్య గాలిని నలుపుతున్నాడు, నర్సు పేరు పిలిచినప్పుడల్లా కళ్ళు తెరిచి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతున్నాడు. పక్కనే ఒక కుర్రడ్రైవరు, పెళ్ళికాని వాడు, తన వయసు వాడినే ఇంకొకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

“ఎవర్రా వీడు?” అనడిగాడు నీళ్ళ సీసా ఆయన.

“మా జోడీ డ్రైవరన్నా. ఇద్దరం ఒకే క్యాబిన్‌లో పడుకుంటాం కదా, గది కిందకే లెక్క.”

“ఒకేసారి పడుకుంటారా?”

“ఒకేసారి పడుకుంటే బండెవరు తోలతారు?”

“మరి నీ నిద్ర సంగతి వాడికేం తెలుసు?”

“అందుకే తెచ్చుకున్నా.”

వరసంతా నవ్వింది, కుర్చీలన్నీ కదిలాయి, ఆవిడ కూడా కదిలింది. ఈ నవ్వు ఆవిడకి తెలుసు. పరీక్షకి ముందు ఆడపిల్లలు కాలేజీ మెట్ల మీద నవ్వే నవ్వే ఇది, భయం ఎంత గట్టిదైతే అంత గట్టిగా వస్తుంది. ఇంకెవరో, జబ్బులడిగే కాగితం మీద అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టడం నేర్పితే, అలవాటుగా పెట్టుకుంటూ పోయి ‘రెండు చెవులూ వినిపిస్తాయా’ అన్నదానికీ ‘లేదు’ పెట్టి ఇంటికెళ్ళిన వాడి కథ మొదలుపెట్టారు. ఆ తర్వాత తొండం కథ రావాలి, రాకుండా ఉంటే బాగుండునని ఆవిడ సంచి జిప్పు తీసి మళ్ళీ వేసింది. వచ్చింది. తొండం అసలు పేరేమిటో ఎవరికీ గుర్తు లేదు, మంచి లాంగ్ రూట్ డ్రైవరు. నిద్రలో ఊపిరి ఆగుతోందని ముక్కుకి గొట్టం తగిలించే మిషను ఇచ్చారు, ఆ పరీక్షలూ ఆ కాగితాలూ తేలేలోగా ఆయన బండి ఇంకొకడి చేతికి పోయింది, ఇప్పుడు యార్డులో చిన్న వ్యాను మీద టైర్లు ఇటు నుంచి అటు మోస్తున్నాడు. గొట్టం పెట్టుకున్నాక నిద్ర అమృతంలా ఉందిరా అని తొండం అందరికీ చెబుతాడట. ఆ మాట ఎవరూ కథలో చెప్పరు. ఈవిడకి తొండం వాళ్ళావిడ చెప్పింది, బట్టల కొట్లో కనిపించి, చెవిలో, ఏదో సిగ్గుపడాల్సిన విషయం చెప్పినట్టు. ఇంటికొచ్చి ఆయనకి చెబితే అన్నం ముద్ద చేతిలోనే ఆపి, “ఏం, నన్ను కూడా తొండాన్ని చేద్దామనా?” అన్నాడు. కంచంలో అన్నం అలాగే మిగిలిపోయింది.

తలుపు పైసగం గరుకు గాజు. లోపలి మనుషులు నీళ్ళలో కరిగిన రంగుల్లా కనిపిస్తున్నారు, కూర్చున్న తెలుపు డాక్టరమ్మ, అటూ ఇటూ తిరిగే నీలం నర్సు, నిలబడ్డ ముదురు రంగు ఆయన. ఇంట్లోనూ ఆయన ఆవిడకి ఇలాగే కదా కనిపించేది, మూసిన తలుపు అవతల, మూసిన కిటికీల చీకట్లో, లోకమంతా పని చేసుకునే పట్టపగలు. రాత్రంతా పాలు మోసి పొద్దెక్కాక వస్తాడు, తిని పడుకుంటాడు. ఆయన నిద్ర చుట్టూ ఇల్లు నడవడం నేర్చుకుంది: కాలింగ్ బెల్లు తీగ పీకేశారు, కుక్కరు కూత రాకముందే దించేస్తుంది, కూతురు చిన్నప్పుడు ఏడుపు కూడా గుసగుసగా ఏడ్చేది. కొత్తకాపురంలో మొదటిసారి ఆ గురక విన్నప్పుడు ఆవిడ బిత్తరపోతే అత్తగారు, “గురక వినిపించే ఇంట్లో దొంగలు పడరమ్మా” అని ధైర్యం చెప్పింది. మామగారూ అంతే, ఆ లావు మెడా అంతే, గురక పెట్టాడంటే అటకమీద గిన్నెలు మోగేవి. ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని ఇక లేవలేదు. వచ్చినవాళ్ళందరూ అదృష్టవంతుడన్నారు, నొప్పి తెలియకుండా నిద్రలోనే పోయాడు, అనాయాస మరణం అన్నారు, అత్తగారు కూడా ఏడుస్తూ ఏడుస్తూ ఆ మాటకి తలూపింది. ఆ రోజు ఆవిడా తలూపింది. ఇప్పుడెవరైనా అదృష్టవంతుడు అంటే ఆవిడ మెడ కదలదు.

ఎందుకంటే ఎప్పుడు మొదలైందో తెలియదు గాని ఒక మధ్యాహ్నం బీన్స్ తరుగుతూ ఉంటే చేతిలో కత్తి దానంతటదే ఆగింది. ఎందుకాగిందో వెంటనే అర్థం కాలేదు. చప్పుడు వినిపించి ఆగితే అర్థముంది, చప్పుడు ఆగిపోయినందుకు ఆగింది. గోడ అవతల పిండిమర ఆడినట్టు ఆడుతున్న గురక ఆడీ ఆడీ తెగిపోయింది. ఫ్యాను తిరుగుతోంది, వీధిలో ఎవరో బండి స్టాండు తీస్తున్నారు, గురక లేదు. లేదు. లేదు. ఆవిడ తలుపు దగ్గరికి వెళ్ళేసరికి మునిగినవాడు నీళ్ళ మీదకి తేలినట్టు ఒక్క పెద్ద గుటకతో ఊపిరి తిరిగొచ్చింది, మర మళ్ళీ మొదలైంది, ఆయన కళ్ళు కూడా తెరవలేదు. ఆవిడ వంటింట్లోకొచ్చి మళ్ళీ కత్తి పట్టుకుంది. కాసేపటికి మళ్ళీ ఆగింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో కూర తరగడానికి పట్టే సమయానికి లెక్కాపత్రం లేదు. “మా అమ్మ బీన్స్ మొదలుపెడితే కూరయ్యేది ఏ పూటకో” అని కూతురు స్నేహితురాళ్ళకి చెప్పి నవ్వుతుంది. మొదట్లో ఆగినప్పుడల్లా అంకెలు లెక్కపెట్టుకునేది. అంకెలు పెరిగేకొద్దీ ఆ సమయాన్ని తనే సాగదీస్తున్నట్టు అనిపించి మానేసింది. ఇప్పుడు లెక్కపెట్టనక్కర్లేదు, ఒళ్ళే చెబుతుంది, ఆయన ఊపిరి ఆగితే ఆవిడ ఊపిరీ ఆగుతుంది, ఆయనది తిరిగొచ్చాకే ఆవిడది.

చెప్పకపోలేదు. చెప్పింది. “మీకు నిద్రలో ఊపిరి ఆగుతోంది” అంటే, “ఆగితే సాయంత్రం లేచి నీతో పోట్లాడుతున్నదెవరు?” అన్నాడు. అది నిజంగానే మంచి మాట, పౌరశాస్త్రంలో కూడా దానికి జవాబు లేదు. మనిషికి తన వీపు తనకి కనిపించదు, తన నిద్ర తనకి తెలియదు, తెలిసినవాళ్ళు చెబితే నమ్మాలి. ఆయనకి నమ్మకం లేక కాదు, నమ్మితే ఏమవుతుందో తెలుసు గనక నమ్మడు. చెయ్యి విరిగి కొన్నాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడు చూసింది కదా. మొదటి వారం టీవీ, తర్వాత వీధరుగు మీద కూర్చుని పోయే లారీల ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పడం, ఆ తర్వాత వంటింట్లోకొచ్చి డబ్బాలన్నీ ఎత్తుల ప్రకారం సర్ది, “ఇన్నాళ్ళూ ఎలా వండావే ఈ గందరగోళంలో” అన్నాడు. ఇప్పటికీ ఆవాల కోసం చెయ్యి పెడితే మెంతులొస్తాయి. బండి లేని ఆయన చెప్పు పోయిన కాలులాంటివాడు, ఎక్కడ అడుగేసినా గుచ్చుకుంటుంది, గుచ్చుకున్నది తనకైనా అరుపు మాత్రం ఇంట్లోవాళ్ళ మీదే.

అందుకని చెప్పడం మానేసి కుట్టింది. వెల్లకిలా తిరిగితేనే ఊపిరి ఆగుతోందని కనిపెట్టి, పాత దిండు గలీబు గుడ్డతో బనియను వీపు మధ్య ఒక జేబు కుట్టి, అందులో కూతురి పాత రబ్బరు బంతి పెట్టింది. వెల్లకిలా తిరగబోతే బంతి గుచ్చుకుని పక్కకి తిరుగుతాడు. “సెలవు రాత్రుళ్ళు నీకు గురక గోల లేకుండా నా వీపు మీద గూనా?” అని నవ్వాడు గాని వేసుకున్నాడు, పెళ్ళాం నిద్ర కోసం త్యాగం చేస్తున్నానని చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. ఆవిడ ఆ పేరు ఆయనకే వదిలేసింది. కొన్నాళ్ళు బంతి పని చేసింది. తర్వాత ఒళ్ళు దానికీ అలవాటు పడింది. బంతి మీదే వెల్లకిలా.

లోపల ఏదో శబ్దం, కుర్చీ జరిపినట్టు. ఆవిడ చూపు గాజు మీదకి వెళ్ళి వచ్చింది. ఇంకా చెవుల పరీక్షే అయివుంటుంది, ముదురు రంగు తల ఒకవైపు వంచి నిలబడింది. ఏమిటమ్మా నీ భయం, అని తనని తనే అడిగింది, ఇన్నేళ్ళలో ఒక్క ప్రమాదం చేయని మనిషి, ఇంట్లో గోడ మీద కంపెనీవాళ్ళిచ్చిన గడియారం ఉంది దానికి సాక్ష్యంగా. ఉంది, నిజమే. రైలు గేటు దగ్గర సంగతికి మాత్రం ఏ గడియారమూ లేదు. చెల్లెలు వాళ్ళింటికి పాత కారులో వెళ్తుంటే గేటు పడింది, రైలొచ్చింది, పోయింది, గేటు లేచింది, వెనక హారన్లు మొదలయ్యాయి, ఈయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకి చూస్తున్నట్టే ఉన్నాడు. భుజం పట్టి ఊపితే ఉలిక్కిపడి, “ఆలోచిస్తున్నా” అన్నాడు. “ఏమాలోచిస్తున్నారు?” “రైలు ఎంత పొడుగుందో అని.” చెల్లెలి ఇంట్లో ఆ మాట చెప్పి అందరినీ నవ్వించింది ఈవిడే. కథ బాగా చెబుతావక్కా అంది చెల్లెలు. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నాలుకకి చేదు మందు తగిలినట్టవుతోంది.

ఆయనే ఒకసారి చెప్పాడు, ట్యాంకరు నిండా పాలుంటే భయం లేదట, సగం ఉంటేనే కష్టం. బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, పాలు ఆగవు, వెనక నుంచి పెద్ద అలలా వచ్చి ముందు గోడకి కొట్టి, ఆగిన బండిని మళ్ళీ ముందుకి తోస్తాయి. అందుకని బ్రేకు వెయ్యాల్సిన చోటికి చాలా ముందే వెయ్యాలి. ముందే. చాలా ముందే వెయ్యాలంటే చాలా ముందే మెలకువగా ఉండాలి. పోయిన నెల ఒక పొద్దున ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, బూట్లు విప్పకుండా చాలాసేపు కూర్చుని, “పెద్ద మలుపు ఎప్పుడు తిరిగానో గుర్తు లేదే” అన్నాడు. తర్వాత ఆవిడ మొహం చూసి, “బండికి దారి తెలిసిపోయింది” అని నవ్వాడు. ఆ పెద్ద మలుపు దగ్గరే, ఆ వేళకే, కూతురి కాలేజీ బస్సు ఎదురొస్తుంది. ఆయనకి తెలుసు, ఎప్పుడన్నా బస్సు కనిపిస్తే హారను కొడతాడు, కిటికీలోంచి ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయి తల దించుకుంటుంది. ఆ రోజు హారను కొట్టారా అని అడగాలనుకుంది. అడగలేదు. సాయంత్రం కూతుర్నడిగింది, “మీ నాన్న కనిపించారా ఇవాళ?” “కనిపించారు, హారను కొట్టలేదు, బతికిపోయాను” అంది కూతురు, ఉల్లిపాయ ముక్క నోట్లో వేసుకుంటూ.

బతికిపోయాను. పిల్లలు మాటలెక్కడ తెచ్చుకుంటారో.

గాజు వెనక ముదురు రంగు మారింది. చేతులు కదులుతున్నాయి, చొక్కా విప్పుతున్నాడు, ముదురు రంగు పోయి తెల్లటిది మిగిలింది, బనియను. ఊపిరితిత్తులు వినడానికి కాబోలు వీపు డాక్టరమ్మ వైపు తిప్పాడు. తెల్లటి వీపు, దాని మధ్యలో చిన్న పసుపు మచ్చ. ఆవిడ కళ్ళు చికిలించింది. పసుపు. దిండు గలీబు పసుపు, దాని మీద నీలం పూలు. అయ్యో రామా. పొద్దున ఆయన స్నానాలగదిలోంచి చెయ్యి చాపి బనియను అడిగితే తాడు మీద నుంచి తీసి ఇచ్చింది తనే. ఉతకడానికి బంతి తీసేసింది గనక వేసుకున్నవాడికి గుచ్చుకోలేదు, తెలియలేదు. తాడు మీద మంచి బనియన్లు ఇంకా ఉన్నాయి, ఆరినవి ఉన్నాయి, ఇస్త్రీ చేయకపోయినా తెల్లగా ఉన్నవి ఉన్నాయి, వాటన్నిటినీ పక్కకి జరిపి దీన్ని తీసిన గుర్తు కూడా ఉంది. జరిపిన గుర్తుంటే పొరపాటెలా అవుతుంది? చెయ్యి పొరపాటు చేసిందా, నోరు చెయ్యనంటున్న పని చెయ్యే చేసిందా? సుఖంగా అబద్ధమాడదామని బయల్దేరిన మనిషిని సొంత చెయ్యే ఇలా పట్టిస్తే ఎవరితో చెప్పుకోవాలి. తెల్లటి డాక్టరమ్మ చెయ్యి వీపు మీద పైన ఆగింది, కొంచెం కిందకొచ్చింది, పసుపు మచ్చ దగ్గర ఆగింది. ఆగి ఉంది. ఏదో అడుగుతోంది. ఆయన భుజాలు నవ్వుతున్నట్టు ఎగిరాయి, అంటే ఆయన పెళ్ళాం కోసం చేసిన త్యాగం కథ చెబుతున్నాడన్నమాట, చుట్టాలకి చెప్పినట్టే, గొప్పగా. చెప్పకండి. ఆ కథ ఇక్కడ చెప్పకండి. భుజాలు ఆగాయి. నీలం నర్సు తలుపు వైపు వస్తోంది, గాజులో పెద్దదవుతోంది.

“పాల ట్యాంకరు డ్రైవరు తాలూకు ఎవరమ్మా? లోపలికి రండి.”

ఆవిడ లేచింది, కుర్చీల వరసంతా ఒక్కసారి ఊగింది. “హాయిగా నిద్రపోతాడని చెప్పక్కా” అన్నాడు కుర్రడ్రైవరు వెనక నుంచి. ఇతనికీ అదే పాఠం. లోకంలో మగాళ్ళందరూ హాయిగానే నిద్రపోతున్నారు.

గది ఆవిడ అనుకున్నదాని కన్నా చిన్నది. ఆయన చొక్కా ఒళ్ళో పెట్టుకుని ఎత్తు బల్ల మీద కూర్చున్నాడు, మెడ చుట్టూ నర్సు కొలిచి వదిలేసిన టేపు ఇంకా వేలాడుతోంది, కొలతలివ్వడానికొచ్చిన పెళ్ళికొడుకులా ఉన్నాడు. డాక్టరమ్మ నడివయసు మనిషి, ముక్కు మీద కళ్ళద్దాల గుర్తులు.

“కూర్చోండమ్మా. ఈ జేబు మీరు కుట్టిందేనా?”

“అవునండీ.”

“ఎందుకు?”

“గురకండీ డాక్టరుగారూ” అని ఆయన అందుకున్నాడు. “ఆవిడకి నిద్ర పట్టదని. ఇందాక చెప్పాను కదా.”

“మీరాగండి. ఆవిణ్ణి చెప్పనివ్వండి.”

ఆయన ఆగి ఆవిడ వైపు చూశాడు. భయపెట్టే చూపు కాదు. భయపెడితే సుఖంగా ఉండేది, ఎదురు చెప్పొచ్చు. గేరు మార్చేటప్పుడు అటు చూడక్కర్లేకుండా చెయ్యి వెళ్ళే నమ్మకం ఉంటుంది చూడండి, అలాంటి చూపు. ఆవిడ పమిట కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. ఇచ్చిన మాట ఇచ్చిన మాటే.

“హాయిగా నిద్రపోతారండీ” అంది.

ఆయన భుజాలు సర్దుకున్నాయి. డాక్టరమ్మ పెన్ను కాగితం మీదకి వెళ్ళింది.

“హాయిగానే నిద్రపోతారు. మధ్యమధ్యలో ఊపిరి ఆగిపోతుంది.”

పెన్ను ఆగింది. ఫ్యాను మాత్రం తిరుగుతోంది, ఇంట్లో ఫ్యాను లాగే, దానికి ఎక్కడైనా ఒకటే పని.

“ఏమే” అన్నాడు ఆయన, మెల్లగా. “అదేం మాటే.”

“అమ్మా” అంది డాక్టరమ్మ. “మీరు ఆగుతుందంటే నేనివాళ సంతకం పెట్టలేను. ఇక్కడ పడుకోబెట్టి పరీక్ష చెయ్యాలి, ముక్కుకి గొట్టం మిషను పెట్టాల్సొస్తే పెట్టాలి. అవన్నీ తేలేదాకా ఆయన బండెక్కడానికి లేదు. తెలిసే చెప్తున్నారా?”

“తెలిసే చెప్తున్నానండీ.”

“ఏం తెలుసండీ దీనికి” అన్నాడు ఆయన. ‘దీనికి’ అని బయటివాళ్ళ ముందు ఎప్పుడూ అనడు, అన్నాక ఆయనకే చెవి మండినట్టుంది, గొంతు తగ్గించాడు. “ఇంట్లో కూర్చున్న మనిషికి ప్రతిదీ పెద్దగానే కనిపిస్తుంది. ఎంతసేపాగుతుందో అడగండి. అడగండి మీరే. రెప్పపాటు. రెప్పపాటు ఆగితే దానికి బండి ఆపేస్తారా ఎవరైనా?”

“ఎంతసేపు ఆగుతుందమ్మా?”

ఆవిడ నోరు తెరిచింది. అంకె లేదు. అంకెలు ఎప్పుడో వదిలేసింది, ఇప్పుడు వెతికితే ఆవాల డబ్బాలో మెంతులొచ్చినట్టు ఏదేదో చేతికొస్తుంది, ఎక్కువ చెబితే ఆయన నవ్వుతాడు, తక్కువ చెబితే సంతకం పడుతుంది.

“చెప్పలేనండీ” అంది. “చేసి చూపిస్తాను.”

సిగ్గేసింది. డిగ్రీ చదువుకుని, ఇంటి పరువు కాపాడుతూ వచ్చిన మనిషి, పరాయి గదిలో, తలుపు దగ్గర నర్సు నిలబడి చూస్తుండగా, తల కుర్చీకి ఆనించి కళ్ళు మూసుకుని గురక పెట్టింది. మొదటిది పలచగా వచ్చింది. రెండోదానికి ఆయన గురకే వచ్చింది, లోపలికి లాగేటప్పుడు గరగర, వదిలేటప్పుడు పెదవుల మీద చిన్న ఊదు, ఇన్నేళ్ళుగా విన్న పాఠం, ఎక్కడా తప్పు పోలేదు. నర్సు కిసుక్కుమంది. ఆయన, “ఛ, ఊరుకో, నవ్వుతున్నారు” అన్నాడు, ఆయన గొంతులోనూ నవ్వుంది. ఇంకోటి. ఇంకోటి, కొంచెం గట్టిగా, ఇంకొంచెం గట్టిగా, ఆ పైన గొంతులో ఏదో తలుపు పడ్డట్టు టక్కుమని ఆపేసింది.

ఫ్యాను. బయట కుర్చీల కమ్మీ కిర్రుమంది. ఎవరో దగ్గారు. నర్సు నవ్వు అయిపోయింది, ఇంకేం రాలేదు. ఆవిడ కళ్ళు తెరిచి చూసింది, ఆయన కళ్ళు తెరవడు గాని తను ఆయన్ని చూడాలి గనక తెరిచింది. ఆయన ఇంకా నవ్వుమొహంతోనే ఉన్నాడు, అయిపోతుంది కదా అని చూస్తున్నాడు, అయిపోలేదు, కత్తి బీన్స్ మీద ఆగింది, కుక్కరు దించేసింది, తలుపు వైపు ఒక అడుగు వేసింది, ఇంకా రాలేదు, గుమ్మంలో నిలబడింది, చీకట్లో తెల్లటి బనియను, పైకి లేస్తోంది లేస్తోంది గాలి మాత్రం లోపలికి పోవడం లేదు, పిలవాలా వద్దా, పిలిస్తే నిద్ర పాడవుతుంది రాత్రి బండెక్కాలి, పిలవకపోతే, మామగారి పక్కన కూడా ఎవరో ఇలాగే నిలబడి పిలవాలా వద్దా అనుకున్నారా, ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది, చెవుల్లో హోరు, సగం నిండిన ట్యాంకరులో పాలు లేచినట్టు. ఆయన నవ్వు ఎక్కడ పోయిందో ఆవిడ చూడలేదు, చూసేసరికి లేదు. డాక్టరమ్మ వైపు చూశాడు. డాక్టరమ్మ ఆవిడనే చూస్తోంది. మళ్ళీ ఆవిడ వైపు చూశాడు, మెడలో టేపు తీసి పక్కన పడేశాడు.

“సరే, చాలు” అన్నాడు.

ఫ్యాను.

“చాలన్నానా. అర్థమైంది. ఊపిరి తీసుకో.”

ఆయన బల్ల మీద నుంచి దిగాడు, చొక్కా కింద పడింది, చూసుకోలేదు. “ఏయ్. ఊపిరి తీసుకోవే” అంటూ వంగి ఆవిడ భుజం పట్టి ఊపాడు.

ఆవిడ కళ్ళ నిండా నీళ్ళతో, ఎర్రబడ్డ మొహంతో, ఒక అరచెయ్యి పైకెత్తి, ఆగండి, ఇంకా ఉంది అని సైగ చేసింది.